గుల్ల కుడివైపే తిరగవలెను

ఆ జీవి ఎడమవైపు తిరుగుతోందన్న సంగతి ప్రభుత్వానికి మంగళవారం ఉదయం తెలిసింది. మధ్యాహ్నం భోజనాల వేళకు దాని మీద చర్య మొదలైంది.

డైరెక్టర్ గారు పిలుస్తున్నారని కబురు వచ్చేసరికి డాక్టర్ గేదెల హైమావతి సూక్ష్మదర్శిని మీద వంగి ఉంది. రెండు మూడు వెంట్రుకలు మాత్రం మిగిల్చి తక్కినవి కత్తిరించిన కుంచె కొసను నాలిక మీద తడి చేసుకుని, ఇసుక రేణువుల మధ్య నుంచి ఒక గుల్లను ఎత్తుతోంది. ఆ పని చేసేటప్పుడు ఊపిరి బిగపట్టాలి. ఒక్క తుమ్ము వచ్చిందంటే ఒక ప్రజాతి మొత్తం ఎగిరి ఎదుటి గోడకు అంటుకుంటుంది. గుల్లను నల్లటి అట్టపలక మీద జిగురులో కూర్చోబెట్టి, పైన గాజుమూత జరిపి, అప్పుడు ఊపిరి వదిలి లేచింది.

భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ తీర సూక్ష్మజీవ పరిశోధన సంస్థలో హైమావతి చేసే పని ఆ గుల్లల్ని చూసి, ఫలానాది ఫలానా వంశానిదని తేల్చి, దాని స్వరూపం రాయడం. గుల్ల అంటే గవ్వ కాదు. ఆ జీవికి ఒళ్ళంతా కలిపి ఒకటే కణం. కళ్ళు లేవు, కాళ్ళు లేవు, మెదడు లేదు, అయినా ఎవరి సిఫారసూ లేకుండా కోట్ల ఏళ్ళుగా బతుకుతోంది. సముద్రపు బురదలో కూర్చుని తన చుట్టూ సున్నంతో ఒక గది కట్టుకుంటుంది. అది చాలక పక్కనే కొంచెం పెద్ద గది, దాని పక్కన ఇంకొంచెం పెద్ద గది. అలా చుట్టుకుంటూ పోతే చివరికి ఆవగింజ పక్కన కూడా కంటికి ఆనని చిన్న శంఖంలా తయారవుతుంది.

ఆ వంశంలో తెలిసినవన్నీ కుడికి చుట్టుకుంటాయి. గుల్లలగెడ్డ సముద్రంలో కలిసే చోట, ఆ కాస్త బురదలో, హైమావతికి దొరికినవి మాత్రం పుట్టిన గుల్ల పుట్టినట్టే ఎడమకు చుట్టుకుంటాయి. అందుకే అది కొత్త ప్రజాతి అయింది. అందుకే జిల్లాకు దక్కింది.

దక్కడం అంటే, ఆ ఏడాది ప్రభుత్వం 'జిల్లాకో జీవి' పథకం పెట్టింది. ప్రతి జిల్లా తనకంటూ ఒక అధికార జీవిని ప్రకటించుకుని, దానికి విగ్రహం కట్టించి, దాన్ని చూసి గర్వపడాలి. ఏ జీవి అయినా ఒక జిల్లాకే చెందాలి, పేచీ వస్తే అది మొదట దొరికిన జిల్లాదే హక్కు. పొరుగు జిల్లా మొదటి రోజే తాబేలును ఎగరేసుకుపోయింది. ఇంకో జిల్లా జింకను, మరో జిల్లా ఎలుగుబంటిని పట్టుకుపోయాయి. ఫైలు ఆలస్యంగా కదిలిన ఈ జిల్లాకు చివరికి కాకి, బొద్దింక, హైమావతి గుల్ల మిగిలాయి. కాకి శని వాహనమన్నారు. బొద్దింకకు బీచి రోడ్డులో విగ్రహం పెడితే హోటళ్ళవాళ్ళు ఊరుకోమన్నారు. మిగిలింది గుల్ల.

"కూర్చోండి హైమావతీ," అన్నారు డైరెక్టర్ పరాంకుశం గారు. "మీ జీవిని ఖాయం చేశారు. ఒక్క చిన్న సవరణ అడుగుతున్నారు." ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలెట్టారు. చెడ్డ కబురు చెప్పేటప్పుడు ఎదుటి మనిషి మసగ్గా కనబడటం ఆయనకు ఇష్టం. "అది కుడివైపు తిరగాలి."

"ఎవరు సార్?"

"జీవి."

హైమావతి కిటికీలోంచి సముద్రాన్ని చూసింది. అక్కడేమీ మార్పు లేదు.

"విగ్రహ ప్రతిష్ఠకి ముహూర్తం పెట్టే సిద్ధాంతి గారు మీ బొమ్మ చూశారట. శంఖమంటే దక్షిణావర్తం ఉండాలి, ఇది అపసవ్యం, జిల్లాకి అరిష్టం అన్నారట. మంత్రిగారు అసలే ఎన్నికల ముందున్నారు."

"సార్, చుట్టాలన్నీ కుడికి తిరిగితే ఇదొక్కటే ఎడమకి తిరిగింది. కుడికి తిరిగితే ఇది కొత్తదే కాదు. పాత ప్రజాతిలో కలిసిపోతుంది."

"అబ్బెబ్బే, కొత్తదే కావాలి. పాతదైతే మనకెందుకు?"

"మరి ఎడమకి తిరిగితేనే కదా కొత్తది!"

"రెండూ రాయండి," అన్నారు పరాంకుశం గారు, ఇంత చిన్న విషయం తట్టనందుకు జాలిపడుతూ. "ఎడమకు తిరుగుట వలన కొత్తది అనీ, కుడికి తిరుగుట వలన శుభప్రదము అనీ."

హైమావతికి ఆ గుల్ల ఒట్టి గుల్ల కాదు. తనకు కుంచె పట్టుకోవడం నేర్పిన మాణిక్యాంబ గారు తన ఉద్యోగకాలంలో అదే బురదలో అలాంటి గుల్లనే ఒకదాన్ని చూసి బొమ్మ గీశారు. అప్పటి పెద్దాయన అది చూసి, "అమ్మా, మీరు గుల్లను బోర్లాపెట్టి చూశారు" అని పదిమందిలో నవ్వారు. ఆ గుల్ల విరిగిపోయింది, నవ్వు మాత్రం విరగలేదు. ఆవిడ రిటైరయ్యేదాకా సంస్థలో అందరికీ 'బోర్లా మాణిక్యాంబ'గానే ఉండిపోయారు. ఇన్నేళ్ళకు గుల్లలు మళ్ళీ దొరికాయి. ఆ ప్రజాతికి మాణిక్యెల్లా అని పేరు పెట్టి, విజయనగరంలో ఉంటున్న ఆవిడ చేతిలో అచ్చు కాగితం పెట్టాలని హైమావతి కోరిక. ఆ స్వరూప వర్ణన మీద పైవాళ్ళ ఆమోదముద్ర పడటమే ఆలస్యం.

ఆమోదముద్ర కోసం స్వరూప నిర్ధారణ సంఘం కూర్చుంది. అధ్యక్షుడు ప్రత్యేకాధికారి చక్రధరరావు గారు. ఆయన అంతకుముందు రోడ్ల శాఖలో పనిచేశారు కనుక మలుపుల గురించి బాగా తెలిసినవారని నియమించారు. సభ్యులు పరాంకుశం గారు, సిద్ధాంతి గారు. జీవి తరఫున హైమావతి.

"ముందు సదరు జీవిని తనిఖీ చేయుదము," అన్నారు చక్రధరరావు గారు.

హైమావతి సూక్ష్మదర్శిని సరిచేసి పక్కకు జరిగింది. ఆయన జీవితంలో మొదటిసారి ఆ గొట్టం మీద కన్ను పెట్టారు. పెట్టి, ఇంకా దగ్గరగా నొక్కారు. సూక్ష్మదర్శిని అలవాటు లేని ప్రతివాడూ మొదటి రోజు చేసే పనే అది. నొక్కిన కొద్దీ కనబడేది లోపలి వస్తువు కాదు, అద్దం మీద పడే తన కనురెప్ప వెంట్రుకలు. కాలేజీ పిల్లలకు ఇది మొదటి గంటలోనే చెబుతారు. ప్రత్యేకాధికారులకు చెప్పే పద్ధతి లేదు.

"ఆహా!" అన్నారాయన. "నల్లగా, నిగనిగలాడుతూ, బారులు తీరి ఉన్నాయి. కొసలు పైకి వంపు తిరిగి ఉన్నాయి. వీటి గురించి నివేదికలో ఎందుకు రాయలేదు?"

"సార్, అవి మీ..." అనబోయింది హైమావతి. బల్ల కింద డైరెక్టర్ గారి బూటు ఆమె పాదం మీద పడింది.

"ఇన్నేళ్ళుగా మా ఎవరి కంటా పడలేదు సార్," అన్నారు పరాంకుశం గారు. "అధికార దృష్టి వేరు, శాస్త్ర దృష్టి వేరు." ఆయన కూడా కన్ను పెట్టారు. "నాకూ కనబడ్డాయి! నాలుగైదు ఉన్నాయి."

"నాలుగైదేనా?" అన్నారు చక్రధరరావు గారు కనుబొమలు ముడిచి.

"ఆఁ, ఇప్పుడు ఒత్తుగా ఉన్నాయి సార్."

సిద్ధాంతి గారు సోడాబుడ్డి కళ్ళద్దాలతోనే గొట్టం మీద వాలారు. "నాకంతా చీకటిగా ఉందండీ."

"అది సముద్రం అడుగు," అని వివరించారు చక్రధరరావు గారు. సభ్యుల అభిప్రాయం ఏకగ్రీవమైంది. 'జీవికి నల్లని, ఒత్తైన, పైకి వంపు తిరిగిన రోమములు గలవు; అధ్యక్షులవారు స్వయముగా చూచినారు' అని తీర్మానంలో రాసుకున్నారు.

ఆ తరువాత అసలు మలుపు సంగతి వచ్చింది. గుల్లను ఎప్పుడూ చుట్లన్నీ కనబడే పైవైపు నుంచే చూడాలని, లోకంలో ఎవరైనా అలాగే చూస్తారని హైమావతి చెప్పింది.

"కిందివైపు నుంచి చూసిన యెడల?" అడిగారు చక్రధరరావు గారు.

హైమావతి నిజం చెప్పే అలవాటున్న మనిషి. ఆ అలవాటే కొంప ముంచింది. "కిందినుంచి చూస్తే ఏదైనా తలకిందులుగానే కనబడుతుంది సార్. అద్దాల గడియారాన్ని వెనకనుంచి చూస్తే ముల్లు ఎడమకి తిరిగినట్టు కనబడదూ? అలాగ. కాని గడియారాన్ని ఎవరూ వెనకనుంచి..."

"చాలు," అన్నారు చక్రధరరావు గారు. మర్నాటికి ఉత్తర్వు వచ్చేసింది.

'సదరు జీవిని ఇకమీదట కిందివైపు నుండి మాత్రమే చూడవలెను. కిందివైపే పైవైపుగా భావించవలెను. అట్లు చూచినప్పుడు జీవి కుడివైపు తిరుగుచున్నట్లు స్వరూప వర్ణనలో వ్రాసి, వర్ణనకర్త సంతకము చేసి, ప్రతిష్ఠకు ముందుగా సమర్పించవలెను. పైవైపు నుండి చూచువారిపై శాఖాపరమైన చర్య తీసుకొనబడును.'

హైమావతి సంతకం చేయలేదు. ఆరోగ్యం బాగాలేదంది. కుంచె అరిగిపోయిందంది. ప్రతిసారీ డైరెక్టర్ గారు కళ్ళజోడు తుడిచి, "చేపల మేత విభాగంలో ఒక ఖాళీ ఉంది, మీ పేరు నా మనసులో మెదులుతోంది" అని గుర్తుచేశారు.

ఈలోగా విగ్రహం తయారవుతోంది. ఎక్కడ పెడతారన్నది మాత్రం గోప్యంగా ఉంచారు. ఒక రోజు పొద్దున్న బురద నమూనా కోసం గుల్లలగెడ్డకు వెళ్ళిన హైమావతికి అక్కడ ముగ్గుతో గీసిన చదరం కనబడింది. నాలుగు మూలలా ఎర్రజెండాలు. ఎక్కడైతే ఆ గుల్లలు బతుకుతున్నాయో సరిగ్గా అక్కడే.

చక్రధరరావు గారు గట్టు మీద గొడుగు నీడన నిలబడి ఉన్నారు.

"ఇక్కడెందుకు సార్?"

"జీవి జన్మస్థలం కదా! మొత్తం కాంక్రీటు దిమ్మ వస్తుంది. చుట్టూ టైల్సు."

"సార్, ఇది బతికేది ప్రపంచంలో ఈ ఒక్క బురదలోనే. కాంక్రీటు పోస్తే చచ్చిపోతుంది."

"స్మారకమమ్మా ఇది!"

"స్మారకం పోయినవాళ్ళకి కదా సార్ కడతారు?"

"ముందుచూపు ఉండాలి," అన్నారు చక్రధరరావు గారు.

విగ్రహాన్ని ముందు వెదురు బద్దలతో, గుడ్డతో నమూనాగా నిలబెట్టారు. రెండు మేడల ఎత్తు. పెద్ద తిరగలి రాయిని నిలువుగా నిలబెట్టినట్టు, దాని మీద చుట్లు చుట్లుగా గదులు. రోడ్డు మీద నుంచి చూస్తే కుడికి తిరుగుతున్నాయి. అంచు చుట్టూ, సంఘం తీర్మానించిన ప్రకారం, నల్లటి రోమములు పైకి వంపు తిరిగి ఉన్నాయి. దూరంనుంచి చూసినవాళ్ళకు ఎవరో ఒంటికన్ను రాక్షసుడు రోడ్డు వైపు రెప్ప వాల్చకుండా చూస్తున్నట్టుంది. అటుగా వెళ్ళే బస్సుల్లో చంటిపిల్లలు ఏడుపందుకున్నారు.

ఇంతలో ఎవరూ అనుకోని చిక్కొచ్చింది. విగ్రహానికి రోడ్డువైపు ఒకటే వైపు కాదు కదా, సముద్రం వైపు కూడా ఉంది. రోడ్డు మీదివాళ్ళకు కుడికి తిరిగేది పడవలోవాళ్ళకు ఎడమకు తిరుగుతుంది. ఈ సంగతి కనిపెట్టింది సిద్ధాంతి గారే. ఆయన వెంటనే జ్వరం తెచ్చుకున్నారు. చక్రధరరావు గారు జ్వరం తెచ్చుకోలేదు, బోర్డు తెచ్చారు. 'విగ్రహమును సముద్రము వైపు నుండి చూచుట నిషేధము' అని ఎర్రరంగుతో రాయించి, సముద్రం వైపుకు తిప్పి పాతించారు.

ఆ బోర్డును మైలపల్లి నూకరత్నం చదివించుకుంది. నూకరత్నం చేపలమ్ముతుంది. దాని మొగుడి పడవలోనే హైమావతి బురద నమూనాలకు వెళుతుంది. హైమావతి డాక్టరని విన్నప్పటినుంచి నూకరత్నం కనబడినప్పుడల్లా మోకాలి నొప్పికి మాత్ర అడుగుతుంది.

"ఇదేటమ్మా డాక్టరమ్మా, సూడకూడదంట? మావోళ్ళు యేట నుంచి వొచ్చినప్పుడు ఒడ్డెటుందో ఎలా తెలుస్తాదీ? కళ్ళు మూసుకుని తెడ్డెయ్యాలా?"

అక్కడే ఉన్న చక్రధరరావు గారు ముందుకొచ్చారు. "ఒడ్డును చూడవచ్చును. విగ్రహమును చూడరాదు."

"ఇగ్రహం ఒడ్డు మీదే ఉంది గదా బాబూ!"

"విగ్రహము వచ్చినప్పుడు మొహము పక్కకు తిప్పుకొనవలెను."

"ఎటేపు తిప్పాల? కుడేపా, ఎడమేపా? అదీ రాయించండి బోర్డు మీద," అంది నూకరత్నం గంప నెత్తికెత్తుకుంటూ. "మా ఆయన నన్ను సూసే ముప్పయ్యేళ్ళనుంచి మొగం తిప్పుకుంటన్నాడు. ఆడికి అలవాటే. మిగతావోళ్ళకి నేర్పాల."

చక్రధరరావు గారు నవ్వలేదు. ఏ వైపు తిప్పుకోవాలన్న అంశం మీద స్పష్టత కోరుతూ పైకి రాశారు.

ప్రతిష్ఠ దగ్గర పడింది. గట్టు మీద కంకర గుట్టలు పోశారు. బురద తోడే యంత్రం వచ్చి గెడ్డ పక్కన నిలబడింది. ప్రతిష్ఠకు ముందు మంత్రిగారే స్వయంగా వచ్చి సమీక్ష చేస్తారని, ఆ సభలో హైమావతి సంతకం చేసిన వర్ణన ఆయన చేతికివ్వాలని, ఆ వెంటనే యంత్రం దిగుతుందని ప్రకటించారు.

ఆ ముందు రోజు సాయంత్రం హైమావతి తన బల్ల దగ్గర కూర్చుంది. ఒక పక్క గాజుమూత కింద గుల్ల. ఒక పక్క ఉత్తర్వు. అప్పటిదాకా ఆమె ఆ ఉత్తర్వును ఎదిరించే దృష్టితోనే చదివింది. ఇప్పుడు మొదటిసారి దాన్ని పాటించే దృష్టితో చదివింది. కిందివైపే పైవైపు. గుల్ల కుడివైపే తిరుగుతుంది. సరే, తిరుగుతుంది. తిరిగితే ఏమవుతుంది?

చదువుతూ చదువుతూ పథకం నిబంధనల కాగితం కూడా ముందుకు లాక్కుంది. కుడికే తిరుగుతుందని ఒప్పేసుకుంటే బురద బతుకుతుంది. మాణిక్యెల్లా పోతుంది. పైగా పదిమంది ముందు తానే, తన నోటితోనే, మాణిక్యాంబ గారిని ఎగతాళి చేసిన ఆ మాటే అనాలి.

గుల్లను మళ్ళీ ఒకసారి చూసింది. ఎడమకు, తీరిగ్గా, ఎవరి ఉత్తర్వూ అందనట్టు తిరిగి ఉంది.

సమీక్షకు షామియానా వేశారు. మంత్రిగారు భారీ మనిషి. లేచి నిలబడితే కుర్చీ కూడా ఆయనతో పాటు కాస్త లేచింది. వేదిక మీద చక్రధరరావు గారు 'సదరు జీవి' గురించి చాలాసేపు మాట్లాడి, దాని రోమముల గురించి చెప్పేటప్పుడు గొంతు గద్గదం చేసుకున్నారు. తరువాత పరాంకుశం గారు హైమావతిని పిలిచి, చెవిలో, "రెండూ చెప్పండి. కొత్తది, శుభప్రదం" అన్నారు.

హైమావతి మైకు ముందు నిలబడింది.

"అయ్యా, ఉత్తర్వు ప్రకారం గుల్లను కిందినుంచి చూశాను. ఈ జీవి నిస్సందేహంగా కుడివైపే తిరుగుతుంది. ఇంతకాలం నేను గుల్లను బోర్లాపెట్టి చూశాను. పొరపాటు నాది. సంతకం చేశాను."

చప్పట్లు మోగాయి. పరాంకుశం గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. మొదటిసారి ఆయనకు హైమావతిని స్పష్టంగా చూడాలనిపించింది.

"అయితే," అంది హైమావతి, "కుడికి తిరుగుతుంది కనుక ఇది కొత్త జీవి కాదు. ఈ వంశంలో కుడికి తిరిగే జీవికి పూర్వమే పేరు పెట్టారు. అది మొదట దొరికింది పొరుగు జిల్లా తీరంలో. పథకం నిబంధన ప్రకారం మొదట దొరికిన జిల్లాకే జీవి మీద హక్కు. కాబట్టి మనం ఇక్కడ పొరుగు జిల్లా జీవికి విగ్రహం కడుతున్నాం. ఇది మన జిల్లా ఉదారతకు నిదర్శనం."

ఈసారి చప్పట్లు మోగలేదు. ఎవరో ఒకరు కొట్టబోయి చేతులు గాలిలోనే ఆపేశారు.

మంత్రిగారు మెల్లగా చక్రధరరావు గారి వైపు తిరిగారు. పొరుగు జిల్లా మంత్రికీ ఆయనకూ ఉన్న స్నేహం ఎంతటిదంటే, ఒకరు వెళ్ళిన పెళ్ళికి ఇంకొకరు వెళ్ళరు.

"ఏటయ్యా ఇది? ఆడికి తాబేలుందా, లేదా?"

"ఉన్నది సార్."

"ఇప్పుడిదీ ఆడిదేనా? ఆడికి రెండు, మనకి సున్నానా? ఆడి గుల్లకి నా సేత కొబ్బరికాయ కొట్టిద్దామనుకున్నారా?"

"సార్, అది ఎడమకు తిరిగిన యెడల మనదే అగును..." అన్నారు చక్రధరరావు గారు.

"మరి తిప్పండి!"

"కుడికి తిప్పమని మీ పేషీ నుంచే..."

"అయితే ఎటు తిప్పినా మనకి దరిద్రమేనా?" మంత్రిగారు మైకు పక్కకు నెట్టి దిగిపోయారు. దిగుతూ, విగ్రహం నమూనా వైపు చూశారు. అది నల్లటి రెప్పలు విప్పి ఆయన్నే చూస్తోంది. "ముందు ఆ కన్ను పీకీండి అక్కణ్ణుంచి!"

పొద్దుగూకే లోపల వెదురు బద్దలు ఊడబెరికేశారు. కంకరను వేరే పనికి మళ్ళించారు. యంత్రం ఎలా వచ్చిందో అలాగే వెనక్కి నడుచుకుంటూ పోయింది. బోర్డును పీకడానికి మాత్రం ఉత్తర్వు రాలేదు. అది అక్కడే ఉండి, లేని విగ్రహాన్ని చూడవద్దని పడవలవాళ్ళను హెచ్చరిస్తోంది. నూకరత్నం మొగుడు దానికి వల ఆరేసుకున్నాడు.

హైమావతికి ఆ వారంలోనే కొత్త పేరు వచ్చింది. కాంటీన్‌లో టీ గ్లాసు బల్ల మీద బోర్లించి పెట్టి, "మేడమ్, ఇది పైవైపా, కిందివైపా?" అని అడిగినవాళ్ళున్నారు. ఆమె ఆ గ్లాసును తిప్పి మామూలుగా పెట్టింది. విజయనగరానికి ఫోన్ చేసింది.

"అమ్మా, మీ పేరు పెట్టలేకపోయాను," అంది. జరిగిందంతా చెప్పింది. "నేను కూడా బోర్లాపెట్టి చూశానని చెప్పాను. అందరి ముందూ."

అవతల మాణిక్యాంబ గారు ఆ మాటను పక్కన పెట్టేశారు.

"బురద ఉందా?"

"ఉందమ్మా."

"అందులో అవి ఉన్నాయా?"

"నిన్ననే చూశాను. ఉన్నాయి."

"ఎటు తిరుగుతున్నాయి?"

"ఎడమకే."

ఆవిడ నవ్వారు. ఆ నవ్వు చాలాసేపు సాగింది. "అయితే ఇంకేమే పిచ్చిదానా! నా పేరు లేకపోతే ఏం, అవున్నాయి కదా. పేరు పెట్టివుంటే నా నెత్తిన కాంక్రీటు పోసి టైల్సు వేసేవారు."

కాగితం మీద అలాంటి జీవి లేదు కనుక దాన్ని ఎవరూ గౌరవించడానికి రాలేదు. గెడ్డ బురదలో అది తన పాటికి తాను ఒక గది పక్కన ఇంకో గది కట్టుకుంటూ పోయింది.

కాని జిల్లాకు జీవి కావాలి. గడువు మీద పడుతోంది. మంత్రిగారు రోజూ ఫోను చేసి తాబేలు సంగతి ఎత్తుతున్నారు. అప్పుడు ఎవరో పాత ఫైలు తిరగేసి సంఘం తీర్మానాన్ని పట్టుకున్నారు. నల్లని, ఒత్తైన, పైకి వంపు తిరిగిన రోమములు! పొరుగు జిల్లా గుల్లకు రోమములు ఉన్నట్టు ఎక్కడా లేదు. అంటే ఆ రోజు సూక్ష్మదర్శినిలో ప్రత్యేకాధికారి వారు చూసింది గుల్లను కాదు. గుల్ల పక్కనే ఉన్న, శాస్త్రానికి ఇంతవరకూ తెలియని, ఇంకో జీవిని! పైగా డైరెక్టర్ గారు కూడా చూశారు. దానికి గుల్ల లేదు కనుక కుడి ఎడమల పేచీ లేదు. సిద్ధాంతి గారికి జ్వరం తగ్గిపోయింది. బీచి రోడ్డులో విగ్రహానికి కొత్త స్థలం చూశారు. ప్రజాతికి చక్రధర అనే పేరు వచ్చేలా పెట్టాలని పరాంకుశం గారు ప్రతిపాదించారు. చక్రధరరావు గారు వద్దు వద్దంటూనే ఒప్పుకున్నారు.

స్వరూప వర్ణన రాసే బాధ్యత మళ్ళీ హైమావతి మీదే పడింది.

"ఈసారి పేచీ పెట్టకండి," అన్నారు పరాంకుశం గారు.

"లేదు సార్. చాలా సంతోషంగా రాస్తాను. నేను కూడా ఆ రోజే గుర్తుపట్టాను," అంది హైమావతి. "ఒక్కటే ఇబ్బంది. కొత్త ప్రజాతి అంటే ప్రమాణ నమూనా ఉండాలి. ఒక జీవిని పట్టి, పలక మీద అంటించి, సంస్థలో దాచాలి. లేకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు."

"వెంటనే సేకరించవలెను," అన్నారు చక్రధరరావు గారు. "ఎక్కడ దొరుకును?"

"అది అందరికీ కనబడదు సార్. మీరు సూక్ష్మదర్శిని మీద వంగినప్పుడే బయటికొస్తుంది. మీ సహకారం కావాలి."

చక్రధరరావు గారి ఛాతీ పొంగింది. కుర్చీ లాక్కుని, గొట్టం మీద కన్ను నొక్కారు. "ఆఁ, వచ్చినవి! బారులు తీరి ఉన్నవి!"

"కదలకండి సార్. మెల్లగా తలెత్తి, కళ్ళు మూసుకోండి. వెలుగుకు బెదిరిపోతాయి."

ఆయన మూసుకున్నారు. హైమావతి ఊపిరి బిగపట్టింది. అది ఆమెకు అలవాటే. పట్టుకారు కొసతో కుడికంటి రెప్ప అంచు దగ్గర గట్టిగా పట్టుకుని లాగింది.

"అమ్మో!" ప్రత్యేకాధికారి కేక కారిడారు చివరిదాకా వినబడింది.

"దొరికింది సార్! అభినందనలు." హైమావతి దాన్ని నల్లటి అట్టపలక మీద జిగురులో పడుకోబెట్టి, గాజుమూత జరిపి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. పరాంకుశం గారు ముందుకొచ్చి చూశారు. చూసి, చక్రధరరావు గారి కంటి వైపు చూశారు. తరువాత చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు.

చక్రధరరావు గారు కారుతున్న కంటితోనే వంగి తన ప్రజాతిని తనివితీరా చూసుకున్నారు. "అద్భుతము. పైకి తీసిన తరువాత కూడా వంపు పోలేదు. ఇంతకూ ఇది ఎటు తిరుగుచున్నది? మంత్రిగారు మొదట అదే అడుగుదురు."

"మీరు ఎటు తిరిగితే అటు సార్," అంది హైమావతి. "ఇక కళ్ళు మూసుకోండి. పథకం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక నమూనా పంపాలట."